బందరా, చీరాలా?



ఉద్యోగ విరమణ దగ్గరపడ్డ ఇళ్లలో ఈమధ్య ఒక మాట తరచు వినబడుతోంది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ స్థిరపడ్డారు, హైదరాబాదు అద్దెలూ ఆ రోడ్లూ ఇక మనవల్ల కాదు, సముద్రం దగ్గర ఏదైనా చిన్న ఊరు చూసుకుని వెళ్లిపోదాం అని. విశాఖపట్నం పేరు అన్నిటికంటే ముందు వస్తుంది. అక్కడి ఫ్లాట్ల ధర వినగానే ఆ పేరు వెనక్కి పోతుంది. కాకినాడను పింఛనుదార్ల స్వర్గం అనడం మనకు అలవాటే గానీ, పింఛను డబ్బుతో అక్కడ సొంత ఇల్లు కొనడం ఇప్పుడు అంత తేలిక కాదు. అలా వడపోసుకుంటూ వస్తే మా ఇంట్లో చివరికి రెండు ఊళ్లు మిగిలాయి. ఒకటి బందరు, రెండోది చీరాల. కాగితాల మీద మచిలీపట్నమని రాసినా చుట్టుపక్కల జనానికి అది బందరే కనక నేనూ అలాగే అంటాను.

మా చెల్లెలిది బందరు పక్షం. టీచరుగా ఆమె మొదటి ఉద్యోగం అక్కడే. అప్పటి స్నేహితురాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. ఆమె భర్త, మా బావగారిది చీరాల పక్షం. ఆయన రైల్వేలో పనిచేసి దిగారు. మెయిన్ లైను మీద లేని ఊరు ఆయన లెక్కలో ఊరే కాదు. "అన్నయ్యా, నువ్వే చెప్పు" అని ఆవిడ, "బావా, చెల్లెలి పక్షం కాకుండా న్యాయం చెప్పు" అని ఆయన. నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టడానికి చుట్టరికం ఒక్కటే కారణం కాదు. ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చే శాఖలో ఇంజనీరుగా పనిచేశాను. కృష్ణా డెల్టా పొడుగునా బావులూ బోర్లూ చెరువులూ చూస్తూ తిరిగిన ఉద్యోగం. అందువల్ల నా తీర్పులో నీళ్ల పాలు కాస్త ఎక్కువే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

మొదట ఒక భ్రమ వదిలించుకోవాలి. ఈ రెండు ఊళ్లలో ఎక్కడ ఇల్లు తీసుకున్నా సముద్రం గుమ్మం ముందు ఉండదు. బందరు కోనేరు సెంటరు నుంచి మంగినపూడి బీచికి పది పదకొండు కిలోమీటర్లు. చీరాల గడియారస్తంభం నుంచి వాడరేవుకు ఆరేడు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు మొదటి నెలలో వారం వారం వెళతారు. ఏడాది తిరిగేసరికి చుట్టాలొస్తేనో, మాఘ పౌర్ణమి స్నానానికో, కార్తీకంలోనో వెళతారు. మిగిలిన రోజుల్లో సముద్రం ఇంట్లోకి వచ్చేది మూడే దారుల్లో. సాయంత్రపు గాలి, ఇనుముకు పట్టే తుప్పు, బావిలోకి చేరే ఉప్పు. మొదటిదాన్ని చూసి ఊరు ఎంచుకుంటారు. తరవాత కాపురం చేయాల్సింది మిగతా రెండింటితో.

అందుకే బీచి ఫొటోలు పక్కన పెట్టి, కాళ్ల కింద నేల చూడమంటాను నేను. ఈ రెండు ఊళ్లూ ఒకే జాతీయ రహదారి మీద, 216 నంబరు రోడ్డు మీద ఉన్నాయి. పగటిపూట బయల్దేరితే ఇక్కడి భోజనం అరగకముందే అక్కడికి చేరతారు. కానీ నేల మాత్రం పూర్తిగా వేరు. బందరుది కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లటి ఒండ్రు. మంగినపూడిలో తీరం కూడా నల్లగానే ఉంటుంది. అడుగు వేస్తే పాదం దిగబడుతుంది, చాలా దూరం లోపలికి నడిచినా నీళ్లు నడుము దాటవు. చీరాలది ఇసుక. సముద్రం ఒక్కొక్క అడుగే వెనక్కి జరుగుతూ వదిలేసి వెళ్లిన పాత తీరాల మీద ఆ ఊళ్లు కట్టుకున్నారు. వాడరేవు నుంచి వెనక్కి వస్తుంటే సర్వీ తోటలూ జీడిమామిడీ తాళ్లూ కనిపిస్తాయి. ఇంకా పడమటికి, పర్చూరు వైపు పోతే మళ్లీ నల్లరేగడి తగులుతుంది. వాడరేవు, రామాపురం దగ్గర నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి గానీ నాలుగడుగులకే లోతు. విహారానికొచ్చిన కుర్రాళ్లు కెరటానికి కొట్టుకుపోయారన్న వార్త చదవని ఏడాది లేదు. మనవల్ని తీసుకెళితే మంగినపూడే నయం.

ఇప్పుడు నీళ్ల సంగతి. బందరులో ఇంటి ఆవరణలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లు పడతాయి. అది ఎవరి తప్పూ కాదు. బంకమట్టి నేల వాన నీటిని కిందికి దిగనివ్వదు, కింద ఉన్న పాత ఉప్పును కడిగి పంపనూ పంపదు. కనక బందరు తాగేది కృష్ణ నీళ్లే. బెజవాడలో 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, అక్కడ పుట్టిన బందరు కాలవ. ఈ గొలుసు చివరి లంకె బందరు. కాలవ చివర ఉన్న రైతునడిగితే ఆ మాటకు అర్థమేమిటో చెబుతాడు. పైవాళ్లందరూ తోడుకోగా మిగిలినవి అతనివి. వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు నింపిపెట్టుకున్న చెరువు నీళ్లతోనే ఊరు జూన్ దాకా నెట్టుకు రావాలి. చెరువు నిండిన ఏడాది ఏ ఇబ్బందీ లేదు. నిండని ఏడాది కుళాయి రోజూ రాదు. బందరులో ఇల్లు చూసేటప్పుడు గదుల సంఖ్య కంటే ముందు సంపు ఎంత పెద్దదో అడగండి.

చీరాల సంగతి వింతగా ఉంటుంది. సముద్రానికి అంత దగ్గరలో, ఇసుకలో ఇరవై అడుగులు తవ్వితే మంచినీళ్లు పడతాయి. ఎలా అంటే, ఇసుక మీద పడ్డ వాన పారిపోదు, నేరుగా దిగుతుంది. దిగిన నీరు అడుగునున్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడలాగ, తేలుతూ ఉంటుంది. మంచినీళ్లు తేలిక, సముద్రపు నీళ్లు బరువు. రెంటి బరువుల్లో తేడా నూటికి రెండున్నర పాళ్లే. ఆ చిన్న తేడావల్ల ఒక పెద్ద లెక్క పుడుతుంది. సముద్ర మట్టం కంటే ఒక్క అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిచి ఉంటే, ఆ మట్టం కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయి. వినడానికి బాగుంది. దాన్నే తిరగేసి చూడండి. ఊరంతా మోటార్లు పెట్టి తోడి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింది ఉప్పు నలభై అడుగులు పైకి లేవడానికి సిద్ధపడుతుంది.

ఈ లెక్క పుస్తకాల్లోకి ఎక్కకముందే ఆ ఇసుక నేలల రైతులకు తెలుసు. బాపట్ల, చీరాల ప్రాంతంలో దొరువులు అని ఉండేవి. ఏటవాలు గట్లతో గిన్నె ఆకారంలో తవ్విన గుంటలు. లోతుగా కాకుండా వెడల్పుగా తవ్వేవారు. రైతు రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగి, ముంచుకుని పైకొచ్చి, నారుమడికీ కూరపాదులకూ చిలకరించి, మళ్లీ దిగేవాడు. ఎంత కష్టమో చూడండి. కానీ ఆ కష్టంలో ఒక తెలివి ఉంది. పైపైన ఉన్న తీపినీళ్లే తీసుకుని, అడుగున ఉన్న ఉప్పును కదిలించకుండా వదిలేయడం. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీటిని ఒక బావిలోకి చేర్చి, అక్కణ్ణించి మోటారుతో తీసుకునే ఏర్పాటు. చీరాలలో ఇల్లు కొనేవాళ్లకు ఇందులో పాఠం ఏమిటంటే, పాతిక అడుగుల్లో మంచినీళ్లు పడ్డాయి కదా అని, ఇంకా లోతుకు వెళితే ఇంకా మంచివి పడతాయనుకోకూడదు. బోరు వేసేవాడు అడుగుకు ఇంత అని డబ్బు తీసుకుంటాడు. అతను లోతు వద్దనడు. మీరే వద్దనాలి.

నీళ్లు చూడ్డానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కరిగిన లవణాలు చెప్పే పెన్ను లాంటి మీటరు ఎక్కడైనా దొరుకుతుంది. ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే నిశ్చింతగా తాగవచ్చు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా సర్దుకోవచ్చంటారు. మా అమ్మ కాలంలో మీటరు లేదు. కొత్త ఊళ్లో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గుప్పెడు కందిపప్పు తీసుకెళ్లి ఆ బావి నీళ్లతో ఉడికించమనేది. పప్పు మెత్తబడకపోతే ఆ ఇల్లు వద్దనేది. మీటరు ఉప్పు చెబుతుంది, పప్పు నీళ్ల కాఠిన్యం చెబుతుంది. రెండూ చూసుకోవడం మంచిది. చూసేది మాత్రం మే నెలలో చూడాలి. సంక్రాంతికి చూస్తే ప్రతి బావీ తియ్యగానే ఉంటుంది.

ఇసుక అనగానే నీళ్లు నిలవవు అనుకుంటారు మా బావగారు. ఆయన మాట సగం నిజం. వాన వెలిసిన అరగంటకే చీరాల వీధి పొడిబారుతుంది. బందరులో అదే వానకు వీధి సాయంత్రం దాకా బురద. కానీ అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే చీరాలలో ఇంకో ముచ్చట జరుగుతుంది. జాండ్రపేటలో ఒక నేతగాడి ఇంట్లో చూశాను. గుంట మగ్గమంటే తెలుసు కదా, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కుతారు. పైకప్పు ఎక్కడా కారడం లేదు. గుమ్మంలోంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు. అయినా గుంటలో మోకాలి లోతు నీళ్లు, అవీ తేటగా, అడుగున ఇసుక కనిపించేటంత తేటగా. కింది నుంచి ఊరినవి. ఇంటాయన చెంబుతో తోడి బకెట్టులో పోస్తున్నాడు, ఆయన భార్య బకెట్టు తీసుకెళ్లి వీధిలో పారబోస్తోంది. పారబోసినవి ఇసుకలో ఇంకి మళ్లీ ఆ గుంటలోకే వస్తాయని ఇద్దరికీ తెలుసు. చీర సగంలో ఉంది, పడుగు సాగిపోయింది. నీళ్లు దిగేదాకా పని లేదు, పని లేకపోతే కూలి లేదు. మనలాంటివాళ్లకు ఇందులో తెలుసుకోవలసింది ఒకటుంది. చీరాలలో పల్లపు వీధిలో, రోడ్డు కంటే దిగువన ఉన్న ఇల్లు తీసుకోకూడదు. అది ఎంత చవకైనా సరే.

ఇల్లు కట్టాలనుకుంటే బందరు నేల ఇంకో పరీక్ష పెడుతుంది. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన గోడ దానితోపాటు కదులుతుంది. పునాది ఖర్చు ఎక్కువ. స్థలం లోతుగా ఉంటే ముందు గ్రావెల్ తోలి మెరక చేసుకోవాలి, ఆ తోలకం ఖర్చు స్థలం ధరలో కనిపించదు. పాత ఇల్లు కొనేవాళ్లు గోడల అడుగు భాగం చూడాలి. నేల నుంచి రెండు మూడడుగుల మేర సున్నం ఉబ్బి పెచ్చులూడుతుంటే, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంటే, అది చౌడు. కొత్త రంగు వేసి దాన్ని కప్పిపుచ్చుతారు. రంగు వాసన ఇంకా పోని ఇంటిని నేను నమ్మను. తుప్పు సంగతి రెండు ఊళ్లకూ సమానమే. కిటికీ ఊచలూ గేటూ ఏటేటా రంగు అడుగుతాయి, ఏ.సి. బయటి పెట్టె హైదరాబాదులో బతికినన్నాళ్లు ఇక్కడ బతకదు.

ఇక తుఫాను. ఇది మాట్లాడకుండా కోస్తాలో ఊరు ఎంచుకోవడం కుదరదు. 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో ఊరూ చుట్టుపక్కలా కలిపి సుమారు 30,000 మంది పోయారని రికార్డులు చెబుతాయి. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ పోటీ పడిన రేవు ఆ తరవాత మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మనలో చాలామందికి గుర్తే. అందులో ఒక సంగతి మాత్రం చాలామంది గమనించరు. ఆ తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. సముద్రం మింగింది కృష్ణ ముఖం దగ్గరి దివిసీమను. చీరాలలో దాటితే దివిసీమ ఎందుకు మునిగింది?

మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుఫాను తీరం దాటేటప్పుడు దానికి ఉత్తరాన ఉన్న గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి తోస్తుంది. దక్షిణాన ఉన్న గాలి నేల మీది నుంచి సముద్రంలోకి తోస్తుంది. కాబట్టి కేంద్రం దాటిన చోటికి ఉత్తరంగా ఉన్న తీరానికే నీటి గండం. పైగా కృష్ణ ముఖం దగ్గర సముద్రం లోతు తక్కువ. లోతు లేని చోట తోసుకొచ్చిన నీళ్లకు పైకి లేవడం తప్ప దారి లేదు. ఆనాడు దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచాయి. ఈ లెక్కన రేడియోలో "తుఫాను బాపట్ల, చీరాల మధ్య తీరం దాటవచ్చు" అని వింటే చీరాలవాళ్లు గాలికి జాగ్రత్తపడాలి, బందరు వైపువాళ్లు నీటికి జాగ్రత్తపడాలి. 2010లో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గరే దాటాయి. 2013 నవంబరులో హెలెన్ బందరు దగ్గర దాటింది. చీరాలకు ప్రమాదం లేదని కాదు నేనంటున్నది. ఆ ఇసుక దిబ్బలు కొంత మెరక, సర్వీ తోటలు కొంత అడ్డు. బందరు చుట్టూ నేల బల్లపరుపు. మడ అడవి ఎంత మిగిలితే అంత రక్షణ. అయితే ఈరోజు ముందస్తు హెచ్చరికలు 1977 నాటివి కావు. రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగిరేలోపే బస్సులొచ్చి జనాన్ని తరలిస్తున్నాయి. ప్రాణభయం తగ్గింది. కరెంటు లేని వారం మాత్రం ఇంకా ఉంటుంది.

రైలు దగ్గరికొస్తే మా బావగారి గొంతు పెరుగుతుంది. చీరాల విజయవాడ, గూడూరు మధ్య మెయిన్ లైను మీద ఉంది. అటు చెన్నైకి పినాకిని, ఇటు సికిందరాబాదుకు సింహపురి, చార్మినార్. రాత్రి ఎక్కి తెల్లవారేసరికి పిల్లల దగ్గర దిగవచ్చు. బందరుకు గుడివాడ మీదుగా వచ్చే లైను అక్కడే ఆగిపోతుంది. రేపల్లెకు కలపాలన్న కోరిక ఎన్నో ఏళ్లుగా వినతిపత్రాల్లో ఉంది. మా చెల్లెలు దీనికి చెప్పిన జవాబు నాకు నచ్చింది. "ఆగిపోయే చోటే బండి బయల్దేరుతుంది కూడా. ఖాళీ బండి ఎక్కి, సామాను నింపాదిగా సర్దుకుని, మంచినీళ్లు తాగి కూర్చున్నాక కదులుతుంది. చీరాలలో రెండు నిమిషాలాగే బండిలోకి నీ మోకాళ్లతో ఎక్కు చూద్దాం." బావగారికి మోకాళ్ల నొప్పులున్న మాట నిజమే. ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆస్పత్రి విషయంలో బందరుదే పైచేయి. జిల్లా కేంద్రం, ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అది చాలదనుకుంటే విజయవాడకు రోడ్డు బాగుంది. చీరాలలో ఏరియా ఆస్పత్రి, కొన్ని ప్రైవేటు నర్సింగ్‌హోములు ఉన్నాయి. జ్వరమొచ్చినా ఎముక విరిగినా సరిపోతాయి. గుండె అంటే గుంటూరో ఒంగోలో పరుగెత్తాలి. ఇంట్లో వారానికి ఇన్నిసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి గానీ, ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి గానీ ఉంటే ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయి బందరు వెళ్లండి.

ఊరి వాతావరణం అంటారే, అది తూకానికి రాదు. బందరుకు చదువుకున్న ఊరన్న పేరు. నోబుల్ కాలేజీ 1843 నాటిది. కృష్ణాపత్రిక 1902లో అక్కడే పుట్టింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ అక్కడే. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు నగలు. సాయంత్రం అరుగుల మీద కోర్టు కేసులూ పాత హరికథలూ ఒకే సంభాషణలో వస్తాయి. లడ్డు సంగతి చెప్పకపోతే బందరువాళ్లు క్షమించరు. శనగపిండితో జంతికల్లాంటివి వేయించి, వాటిని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ దంచి కడతారు. అందుకే తొక్కుడు లడ్డంటారు. షుగరున్నవాళ్లు ఆ వీధిలో నడవకపోవడం మేలు.

చీరాల కష్టపడే ఊరు. పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం సందుల్లో మగ్గం చప్పుడు, బట్టల మార్కెట్లో బేరాల చప్పుడు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం అని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఇళ్లు ఖాళీచేసి, ఊరి బయట రామనగరమని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ మొండితనం ఇంకా మిగిలే ఉంది, కూరగాయల బేరంలో తెలుస్తుంది. చదువరులకు మాత్రం చీరాల పక్కన ఒక పెన్నిధి ఉంది. వేటపాలెంలో సారస్వత నికేతనం. 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చారు, ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. మా బావగారు జీడిపప్పు కోసం వేటపాలెం వెళదామన్నారు. ఆయన్ని గ్రంథాలయంలో కూర్చోబెట్టి జీడిపప్పు నేను కొనుక్కొచ్చాను. తిరిగి వచ్చేసరికి పాత పత్రిక తిరగేస్తూ ఉన్నారు, లేవమంటే లేవలేదు.

స్థలాల గురించి ఒక్క హెచ్చరిక చేసి వదిలేస్తాను. బందరులో 2023లో రేవు పనులు మొదలయ్యాక వెంచర్ల బోర్డులు పొలాల్లో మొలిచాయి. చీరాల దగ్గర రామాపురం రోడ్డులో రిసార్టుల పుణ్యమా అని అదే వరస. పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయి, అక్కడ ఇష్టం వచ్చినట్టు కట్టుకోవడానికి లేదు. పేదలకు సాగుకిచ్చిన అసైన్డ్ భూమిని ముక్కలు చేసి అమ్మేవాళ్లూ ఉంటారు. ఈ.సి. (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూసి అడ్వాన్సు ఇవ్వకండి, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. పక్కన రొయ్యల చెరువుంటే ఇసుక నేలలో మీ బావి ఆశ వదులుకోవాల్సిందే.

కొనే ముందు అద్దెకుండండి. అదీ దసరా నుంచి రోహిణీ కార్తె వెళ్లేదాకా. ముసురూ తుఫానూ, తరవాత ఎండా ఉక్కపోతా అన్నీ ఒక చుట్టు చూసినట్టవుతుంది. మే నెలలో పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు సముద్రపు గాలి సాయంత్రం దాకా ఊళ్లోకి అడుగుపెట్టదు. ఆరోజు కూడా ఊరు మీద ప్రేమ చావకపోతే అప్పుడు కొనుక్కోవచ్చు.

నా తీర్పు చీరాలకే వచ్చింది. ఆరోగ్యం బాగున్నంతవరకూ, సొంత బావిలో తియ్యటి నీళ్లున్న ఇల్లు మరో ఊరి కాలవ మీద ఆధారపడ్డ ఇంటికంటే మేలని నా వృత్తి నాకు నేర్పింది. చెల్లెలు ముఖం చిన్నబుచ్చుకుంది. తరవాత తేరుకుని, "సరే, ఏటా కార్తీకం నెల మాత్రం నేను బందరులోనే" అని షరతు పెట్టింది. ఆమె స్నేహితురాలి ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందట. బావగారు ఒప్పుకున్నారు.

పోయిన వారం ముగ్గురం పేరాలలో ఒక ఇల్లు చూశాం. రోడ్డుకు మెరక మీద ఉంది. గోడలకు చౌడు లేదు, రంగు పాతదే. పెరట్లో గిలకబావి. చేదుకుని తాగితే నీళ్లు బాగున్నాయి, మీటరు కూడా మంచి అంకే చూపించింది. బావగారు జేబులోంచి అడ్వాన్సు కవరు తీస్తున్నారు. మరుగుదొడ్డి గుంట ఎక్కడుందమ్మా అని ఇంటావిడను అడిగాను. ఇసుక నేలలో బావికీ గుంటకూ కనీసం యాభై అడుగుల ఎడం ఉండాలి, ఇసుక దేన్నీ దాచుకోదు. ఆవిడ ఎంతో అమాయకంగా గిలకబావి పక్కనున్న తులసికోట చూపించి, దాని వెనకాలేనండీ అంది. బావగారు కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఈ ఆదివారం ఈపూరుపాలెం వైపు ఇంకో రెండు ఇళ్లు చూడబోతున్నాం.